ట్యూనరుతో తీగ వాద్యాలను శ్రుతి చేయడం: మొదటి తీగ నుంచి చివరి సవరణ దాకా

గిటారు ఆరు తీగలకూ ట్యూనరులో పచ్చ దీపం వెలిగింది. అయినా కార్డు (కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు) పట్టి మీటితే ఎక్కడో ఒక తీగ ఒరుసుకుంటున్నట్టు వినిపిస్తుంది. నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో దాదాపు అందరికీ ఎదురయ్యే అనుభవమే ఇది. ట్యూనరు పాడైందేమోనని కొందరు, తమ చెవే సరిగా లేదేమోనని ఇంకొందరు దిగులు పడతారు. చాలాసార్లు రెండూ నిజం కావు. ట్యూనరు చెప్పగలిగేది ఒక్కటే: ఈ క్షణంలో, ఈ ఒక్క తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందో. మరుక్షణం ఆ తీగ అక్కడే నిలుస్తుందా, పక్క తీగతో కలుస్తుందా అన్నది దానికి తెలియదు. తీగను నిలబెట్టాల్సింది చెయ్యి, కలపాల్సింది చెవి. ఈ రెండు పనులూ ఎలా చేయాలో, వాటిలో ట్యూనరును ఎంతవరకు నమ్మాలో వరుసగా చెబుతాను.

ఒక్క మాట ముందే. తీగను బిగించే మరను గిటారు వాయించేవారు కీ అంటారు, వీణ వాయించేవారు బిరడ అంటారు. ఇక్కడ అన్నిటికీ బిరడ అనే వాడుతున్నాను.

ట్యూనరు కొలిచేది ఏమిటి

తీగ కంపించే వేగాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. సెకనుకు 440 కంపనాలు ఉంటే 440 హెర్ట్జ్. పాశ్చాత్య పద్ధతిలో ఎ అనే స్వరానికి ఇదే ప్రమాణం. ఇది మొదటి నుంచీ ఉన్నది కాదు. 1711లో జాన్ షోర్ అనే ఆంగ్లేయ వాద్యకారుడు శ్రుతి దండాన్ని (తట్టితే ఎప్పుడూ ఒకే స్వరం పలికే రెండు కొమ్ముల లోహపు కడ్డీని) తయారుచేశాక, ఒక స్వరాన్ని జేబులో పెట్టుకుని తిరగడం సాధ్యమైంది. కానీ ఒక్కొక్క చోట ఒక్కొక్క శ్రుతి నడిచేది. 1859లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఎ స్వరాన్ని 435గా చట్టం చేసింది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం 440ని సిఫారసు చేసింది. తర్వాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా దాన్నే ఖాయం చేసింది. మీ ట్యూనరు తెర మీద ఒక మూల కనిపించే 440 అనే అంకె వెనుక ఇంత కథ ఉంది.

ముల్లు మాత్రం హెర్ట్జ్‌లను చూపదు, సెంట్లను చూపుతుంది. పక్కపక్కన ఉన్న రెండు అర్ధస్వరాల మధ్య దూరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. ఒక స్థాయి, అంటే ఒక స్వరం నుంచి రెట్టింపు వేగంతో మోగే అదే స్వరం దాకా, పన్నెండు అర్ధస్వరాలు, మొత్తం 1200 సెంట్లు. హెర్ట్జ్‌లు ఎందుకు పనికిరావంటే, గిటారులో అన్నిటికంటే లావుపాటి తీగ 82.4 హెర్ట్జ్‌లో మోగుతుంది. అక్కడ ఒక్క హెర్ట్జ్ తేడా వస్తే దాదాపు 21 సెంట్లు తప్పినట్టు, అది ఎవరికైనా వినిపించేంత అపశ్రుతి. అదే 440 దగ్గర ఒక హెర్ట్జ్ అంటే సుమారు 4 సెంట్లే. సెంట్లలో చూస్తే ఏ తీగ మీదైనా తప్పు ఒకే కొలతలో కనిపిస్తుంది. ముల్లు నడిమికి ఎడమ పక్కన ఉంటే శ్రుతి తక్కువ, కుడి పక్కన ఉంటే ఎక్కువ.

రెండు స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి వింటే నాలుగైదు సెంట్ల తేడా చాలామందికి తెలియదు. రెండింటినీ కలిపి మోగిస్తే అందులో సగం తేడా కూడా అలలాగా ఊగుతూ బయటపడుతుంది. ఈ ఊగును భౌతికశాస్త్ర పుస్తకాల్లో విస్పందనాలు అంటారు. 440, 442 హెర్ట్జ్‌లు కలిసి మోగితే ధ్వని సెకనుకు సరిగ్గా రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. దీని అవసరం చాలా ఉంది, ముందుముందు వస్తుంది.

ఏ ట్యూనరు తీసుకోవాలి

వాద్యం తల భాగానికి పట్టుకునే క్లిప్పు ట్యూనరు గాలిలోని ధ్వనిని కాదు, చెక్కలో పాకే కంపనాన్ని పసిగడుతుంది. చుట్టూ మాటలు, ఇతర వాద్యాలు వినిపిస్తున్నా పెద్దగా తికమక పడదు. మొదటి ట్యూనరుగా నేను దీన్నే కొనమంటాను. ఫోనులో వేసుకునే ట్యూనర్లు మైకు మీద ఆధారపడతాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చక్కగా పనిచేస్తాయి, పంకా తిరుగుతుంటే తడబడతాయి. ఎలక్ట్రిక్ గిటారు వేదికల మీద వాయించేవారికి కాలితో నొక్కే పెడల్ ట్యూనరు అనుకూలం. దాన్ని నొక్కితే స్పీకర్లలోకి ధ్వని వెళ్లదు కాబట్టి శ్రుతి చేస్తున్నట్టు శ్రోతలకు తెలియనే తెలియదు. స్ట్రోబ్ రకం ట్యూనర్లు సెంటులో పదో వంతు వరకు చూపగలవు. వాద్యాలు తయారుచేసేవారికీ, బాగుచేసేవారికీ అవి కావాలి. రోజూ వాయించుకోవడానికి ఒక సెంటు అటూ ఇటూగా చూపే మామూలు ట్యూనరు చాలు.

బిరడ ముట్టుకునే ముందు

వాద్యాన్ని పెట్టెలోంచి తీయగానే శ్రుతి మొదలుపెట్టవద్దు. గది వేడికి, తేమకు అలవాటు పడేందుకు పది పదిహేను నిమిషాలు ఇవ్వండి. స్టీలు తీగ వేడెక్కితే సాగి శ్రుతి దిగుతుంది. చెక్క తేమ పీల్చుకుని ఉబ్బితే సాధారణంగా శ్రుతి పెరుగుతుంది. ఈ రెండూ జరుగుతుండగా శ్రుతి చేయడమంటే ఆరని గోడకు రంగు వేసినట్టే.

తర్వాత ట్యూనరు అమరికలు చూడండి. మూలనున్న అంకె 440 అవునా కాదా అన్నది మొదట. జేబులోనో సంచిలోనో మీట నొక్కుకుపోయి అది 438కో 442కో మారిపోవడం తరచుగా జరుగుతుంది. అప్పుడు మీ తీగలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి గాని ఇంకెవరితో కలిసి వాయించినా కలవవు. కారణం ఏమిటో తెలియక గంటలు గడిచిపోతాయి. రెండోది, ట్యూనరు ఏ పద్ధతిలో ఉందో చూసుకోవాలి. గిటారు, వయొలిన్, యుకలేలి అని విడివిడిగా పద్ధతులు ఉంటాయి. క్రోమాటిక్ పద్ధతిలో పెడితే పన్నెండు అర్ధస్వరాల్లో ఏది మోగినా దాని పేరు చూపుతుంది. అందులోనే అలవాటు చేసుకోవడం మంచిది. ఫోనులోనైతే మైకు అనుమతి ఇచ్చారో లేదో కూడా చూడండి.

ఇక తీగల సంగతి. తుప్పు పట్టినవి, మెడ మీది అడ్డపట్టీలైన ఫ్రెట్ల మీద ఒరిసి గాట్లు పడ్డవి ఏ ట్యూనరుకూ లొంగవు. ముల్లు ఒకచోట నిలవకుండా ఊగుతూనే ఉంటే తప్పు మీది కాకపోవచ్చు, తీగ మార్చాల్సిన సమయం వచ్చిందేమో చూడండి.

ఏ తీగకు ఏ స్వరం

గిటారులో లావు తీగ నుంచి సన్న తీగకు వస్తే ఇ, ఎ, డి, జి, బి, ఇ. హెర్ట్జ్‌లలో 82.4, 110, 146.8, 196, 246.9, 329.6. సన్న తీగను ఒకటోది, లావు తీగను ఆరోది అని లెక్కిస్తారు. బాస్ గిటారులో నాలుగు తీగలు ఇ, ఎ, డి, జి, గిటారు కంటే ఒక స్థాయి కింద. వయొలిన్, మాండొలిన్ రెండింటికీ జి, డి, ఎ, ఇ. వయోలా, చెల్లో రెండింటికీ సి, జి, డి, ఎ, చెల్లో ఒక స్థాయి కింద. యుకలేలిలో జి, సి, ఇ, ఎ. ఇక్కడ ఒక మెలిక ఉంది: నాలుగో తీగ జి, మూడో తీగ సి కంటే పైన ఉంటుంది. పై నుంచి కిందికి తీగలు మంద్రం నుంచి తారానికి పోతాయన్న అలవాటుతో దాన్ని ఒక స్థాయి దించేసి, తీగ వదులైపోయిందని బాధపడేవారిని చూశాను.

స్థాయి విషయంలో ఇంకో ప్రమాదం దీనికి ఎదురుదారిలో ఉంది. చాలా ట్యూనర్లు స్వరం పేరే చూపుతాయి, ఏ స్థాయిదో చూపవు. కొత్త తీగ వేసి బిగిస్తూ పోతే సరైన ఇ దగ్గర ఆగకుండా పైకి వెళ్లిపోవచ్చు. తెర మీద మళ్లీ ఇ కనిపించేది ఒక స్థాయి పైనే. తీగ శ్రుతి రెట్టింపు కావాలంటే బిగువు నాలుగు రెట్లు కావాలి. అంత బిగువును తట్టుకునే తీగ లేదు, అక్కడికి చేరకముందే తెగుతుంది. ఒక్క అర్ధస్వరం పెంచడానికే బిగువు సుమారు 12 శాతం పెరగాలి. కాబట్టి కొత్త తీగ బిగించేటప్పుడు శ్రుతి దండమో, హార్మోనియమో, ఫోనులో మోగించిన స్వరమో ఏదో ఒకటి పక్కన పెట్టుకుని, రెండూ ఒకే స్థాయిలో ఉన్నాయని చెవితో నిర్ధారించుకోండి. తీగ ముఖానికి ఎదురుగా లేకుండా వాద్యాన్ని కాస్త పక్కకు తిప్పి బిగించండి.

ఒక్క తీగ, దగ్గరగా

గిటారు ఆరో తీగతో మొదలుపెడదాం. మిగిలిన ఐదు తీగల మీద ఎడమచేతి వేళ్లు తేలికగా ఆనించి వాటిని మూగబోనివ్వండి. బొటనవేలి మెత్తటి భాగంతో, పన్నెండో ఫ్రెట్ దగ్గర, సున్నితంగా ఒకసారి మీటండి. గట్టిగా మీటితే తీగ ఎక్కువగా సాగి మొదటి క్షణంలో శ్రుతి పైకి లేస్తుంది, తర్వాత దిగుతుంది. అందుకే మీటిన వెంటనే కనిపించేదాన్ని నమ్మకండి. అర సెకను ఆగి, ధ్వని కుదురుకున్నాక ముల్లు ఎక్కడుందో చూడండి.

చూసే ముందు ఒక పని చేయండి. ఇది ముఖ్యం. శ్రుతి పైన ఉందా కింద ఉందా అని చెవితో ఊహించి, మనసులో అనుకుని, అప్పుడు తెర వైపు చూడండి. ఒక్క క్షణం పట్టే పని. నెల రోజులు ఇలా చేస్తే చెవిలో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది.

తెర మీద ఇ కి 18 సెంట్లు తక్కువ అని కనిపించిందనుకుందాం. మళ్లీ మీటి, తీగ మోగుతుండగానే బిరడను కొద్దిగా తిప్పండి. తీగ మోగకుండా బిరడ తిప్పడం చీకట్లో నడవడమే. గిటారు బిరడల లోపల పళ్ల చక్రాలు ఉంటాయి. బిరడను 14 చుట్లో 18 చుట్లో తిప్పితేనే తీగ చుట్టిన స్తంభం ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి అంత సన్నని సవరణ వీలవుతుంది. ముల్లు నడిమికి చేరుతుంది, పచ్చ దీపం వెలుగుతుంది.

ఒకవేళ నడిమిని దాటి 6 సెంట్లు పైకి పోతే? చాలామంది కొద్దిగా వదులు చేసి, పచ్చ దీపం రాగానే ఆగిపోతారు. తీగ నిలవకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. పళ్ల చక్రాల మధ్య కాస్త సందు ఉంటుంది. వదులు చేస్తూ ఆగినప్పుడు ఆ సందు తీగ లాగే వైపే మిగిలిపోతుంది. నాలుగుసార్లు మీటగానే తీగ ఆ సందును లాక్కుని శ్రుతి దిగుతుంది. అందుకని దాటిపోయినప్పుడు పూర్తిగా కిందికి, 20 సెంట్లు తక్కువకు దించి, మళ్లీ కింది నుంచి పైకి ఎక్కించండి. చివరి కదలిక ఎప్పుడూ బిగింపే కావాలి. ఇలా చేస్తే పళ్లు ఒకదానికొకటి ఆనుకుని లాగుతున్న స్థితిలో ఆగుతాయి.

మెడ చివర తీగలు గాళ్లలో కూర్చునే పట్టీ ఉంటుంది, దాన్ని నట్ అంటారు. బిరడ తిప్పుతున్నా ముల్లు కదలక, తర్వాత ఉన్నట్టుండి టిక్కుమని చిన్న చప్పుడుతో పది సెంట్లు ఎగిరితే, తీగ ఆ గాడిలో ఇరుక్కుని జారుతోందన్నమాట. మెత్తని పెన్సిలు ముక్కుతో ఆ గాడిలో రెండు మూడుసార్లు రుద్దండి. పెన్సిల్లోని గ్రాఫైటు తీగను జారనిస్తుంది. చాలా చిన్న పనే గాని, ట్యూనరు మార్చాలనుకున్న ఎందరికో ఇదే మందు అయింది.

పచ్చ దీపం వచ్చాక కూడా ఆ తీగ పని అయిపోలేదు. తీగను నడిమిన రెండు వేళ్లతో పట్టి, పైకి సున్నితంగా ఒకసారి లాగి వదలండి. మళ్లీ మీటండి. ముల్లు దిగితే మళ్లీ ఎక్కించండి. లాగినా దిగకుండా నిలిచినప్పుడే ఆ తీగను వదిలి పక్కదానికి వెళ్లండి.

ట్యూనరు వేరే స్వరం చూపుతుంటే

ఆరో తీగ మీటితే ట్యూనరు బి అని చూపడం మామూలే. తీగ ఎప్పుడూ ఒకే స్వరం పలకదు. దాని మూల స్వరంతో పాటు రెండు రెట్లు, మూడు రెట్లు వేగంతో మోగే అనుస్వరాలు కూడా ఉంటాయి. 82.4కు మూడు రెట్లు 247, అంటే బి. బ్రిడ్జికి (వాద్యం పొట్ట మీద తీగలు ఆనే భాగానికి) దగ్గరగా, ప్లెక్ట్రం (తీగలు మీటే చిన్న బిళ్ల) మొనతో గట్టిగా మీటినప్పుడు ఈ అనుస్వరాలు మూల స్వరాన్ని మించిపోయి ట్యూనరును తప్పుదారి పట్టిస్తాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర బొటనవేలితో మీటమన్నది అందుకే, అక్కడ మూల స్వరం బలంగా వస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులోనైతే మెడ పక్కనున్న, తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌ను ఎంచుకుని టోన్ మరను తగ్గించండి.

బాస్ గిటారు లావు తీగ 41 హెర్ట్జ్‌లోనే మోగుతుంది కాబట్టి కొన్ని ట్యూనర్లు దాన్ని అందుకోలేవు. అప్పుడు పన్నెండో ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలు తాకించి మీటి, ఒక స్థాయి పై అనుస్వరాన్ని వినిపించండి. ముల్లు వెంటనే కుదురుకుంటుంది.

అన్ని తీగలూ, మళ్లీ ఒకసారి

ఆరు తీగలూ పూర్తయ్యాక, మొదలుపెట్టిన తీగ దగ్గరకు తిరిగి రండి. ఎక్కువసార్లు అది కాస్త దిగి ఉంటుంది. స్టీలు తీగల గిటారు మెడ మీద ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. ఒక తీగను బిగిస్తే మెడ వెంట్రుకవాసి వంగుతుంది, దాంతో ముందు బిగించిన తీగలు ఆ మేరకు వదులవుతాయి. శ్రుతి బాగా దిగిపోయి ఉన్న వాద్యంలో ఈ ప్రభావం ఎక్కువ. అందుకని మొదటి చుట్టులో ప్రతి తీగనూ సుమారుగా పెట్టండి, రెండో చుట్టులో సరిచేయండి, మూడో చుట్టులో తనిఖీ చేయండి. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి ఉన్న ఎలక్ట్రిక్ గిటారుకు నాలుగైదు చుట్లు పట్టవచ్చు. అక్కడ ఓపికే సాధనం.

మాండొలిన్‌లో తీగలు జంటలు. జంటలో ఒకదాన్ని వేలితో ఆపి, రెండోదాన్ని ట్యూనరుతో కుదర్చండి. తర్వాత ట్యూనరును చూడకుండా రెండింటినీ కలిపి మీటి, ఆ అలల ఊగు నెమ్మదించి, నెమ్మదించి, పూర్తిగా ఆగే వరకు రెండో తీగను సవరించండి. ట్యూనరు రెండింటికీ విడివిడిగా పచ్చ దీపం చూపినా వాటి మధ్య రెండు సెంట్లు మిగిలి ఉండవచ్చు. ఆ రెండు సెంట్లను తీసేయగలిగేది చెవి ఒక్కటే.

వయొలిన్: చెక్క బిరడలతో జాగ్రత్త

వయొలిన్ బిరడకు సాధారణంగా పళ్ల చక్రాలు ఉండవు. బిరడ ఎంత తిరిగితే తీగ అంతే చుట్టుకుంటుంది, కాబట్టి వెంట్రుకవాసి కదలికకే శ్రుతి చాలా మారుతుంది. ఆ బిరడను పట్టి ఉంచేది రంధ్రంతో దానికున్న ఒరిపిడి మాత్రమే. తిప్పుతూనే లోపలికి నెట్టాలి. నెట్టకుండా తిప్పితే చెయ్యి తీయగానే గిర్రున వెనక్కి తిరిగిపోతుంది. ముందు ఎ, తర్వాత డి, జి, చివరికి ఇ అన్న వరుస పాటించండి. బిరడతో కొద్దిగా కింద ఆపి, మిగిలిన ఐదారు సెంట్లను తోక భాగంలోని చిన్న మరలతో ఎక్కించండి. సన్నని ఇ తీగను బిరడతో సవరించవద్దు, అన్నిటికంటే ముందు తెగేది అదే. ఆ చిన్న మరలు పూర్తిగా కిందికి దిగి బిగుసుకుపోతే, వాటిని వదులు చేసి బిరడతో మళ్లీ మొదలుపెట్టాలి.

బిరడలు తిప్పిన ప్రతిసారీ తీగలు గుర్రాన్ని (వయొలిన్ బ్రిడ్జిని) ముందుకు, వేళ్లు పెట్టే పట్టీ వైపుకు లాగుతాయి. శ్రుతి పూర్తయ్యాక వాద్యాన్ని కళ్ల ఎత్తుకు తెచ్చి పక్క నుంచి చూడండి. గుర్రం వెనుక ముఖం నిటారుగా ఉండాలి. వంగితే ఒక రోజు పడిపోతుంది, పడేటప్పుడు పై పలకను పగలగొట్టవచ్చు. తీగలన్నీ ఒకేసారి విప్పవద్దు. లోపల నిలబడి ఉన్న చిన్న కర్రను తీగల బిగువే పట్టి ఉంచుతుంది.

షడ్జ పంచమాలకు ట్యూనరు

కర్ణాటక సంగీతం వాయించేవారికి ట్యూనరు చూపే అక్షరాలు మొదట పరాయిగా అనిపిస్తాయి. ఒకటి శ్రుతి అంటే సి, రెండు అంటే డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ. ఐదున్నర అంటే జి షార్ప్. మీ షడ్జం ఎక్కడో తెలిస్తే ట్యూనరు దానికి దారి చూపుతుంది. వయొలిన్ నాలుగు తీగలూ కింది నుంచి పైకి మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం. ఒకటి శ్రుతిలో అయితే ట్యూనరులో సి, జి, సి, జి. వీణలో వాయించే నాలుగు తీగలు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. అక్కడా షడ్జ పంచమాలే. కానీ స్వచ్ఛమైన పంచమం, షడ్జానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు, అంటే 702 సెంట్లు. ట్యూనరు పంచమం 700. కాబట్టి పంచమం తీగ మీద ముల్లు నడిమి నుంచి రెండు సెంట్లు కుడికి జరిగి ఉండాలి. షడ్జాన్ని ట్యూనరుతో పెట్టి, పంచమాన్ని తంబురాతోనో శ్రుతి పెట్టెతోనో చెవికి వదిలేయడం ఇంతకంటే మేలు.

పచ్చ దీపం వెలిగినా కార్డు ఎందుకు పుల్లగా ఉంటుంది

మొదట్లో చెప్పిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. ట్యూనరు ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన కొలతలో పనిచేస్తుంది. ఈ కొలతలో పంచమం రెండు సెంట్లే తప్పుతుంది గాని అంతర గాంధారం (సరిగమల్లో పెద్ద గ) దాదాపు 14 సెంట్లు పైకి పోతుంది. స్వచ్ఛ గాంధారం 386, ట్యూనరు గాంధారం 400. చెవి బాగా సాధన చేసినవారికి ఇది తెలుస్తుంది.

ఇ మేజర్ కార్డు పట్టినప్పుడు మూడో తీగ మొదటి ఫ్రెట్ మీద ఆ గాంధారం పలుకుతుంది. అది ఒరుసుకుంటోందని ఆ తీగను 14 సెంట్లు దించారనుకోండి, ఇ కార్డు తేనెలా ఉంటుంది. వెంటనే జి కార్డు పట్టండి. అక్కడ అదే తీగ ఖాళీగా, అంటే ఏ ఫ్రెట్ మీదా నొక్కకుండా, కార్డుకు మూల స్వరంగా మోగాలి. అది ఇప్పుడు 14 సెంట్లు కింద ఉంది. ఒక కార్డును సరిచేసి ఇంకొకదాన్ని పాడుచేశాం. గిటారులో అన్ని కార్డులూ ఏకకాలంలో పూర్తిగా స్వచ్ఛంగా ఉండడం సాధ్యం కాదు, ఫ్రెట్ల అమరికే అలాంటిది. ట్యూనరు చూపిన చోట వదిలేయడమే మధ్యేమార్గం. ఒక పాట అంతా ఒకే శ్రుతిలో రెండు మూడు కార్డులతో సాగిపోతే, మూడో తీగను రెండు మూడు సెంట్లు దించుకునే వాద్యకారులు ఉన్నారు. నేనూ అలా చేస్తాను.

దీనికి ముందు మీ వేళ్లను అనుమానించండి. ఫ్రెట్ మీద అవసరానికి మించి నొక్కినా, తీగను పక్కకు నెట్టినా శ్రుతి పెరుగుతుంది. ట్యూనరు పెట్టుకుని మొదటి ఫ్రెట్ మీద ఒక తీగను మామూలుగా నొక్కి మీటండి, తర్వాత గట్టిగా పిండినట్టు నొక్కి మీటండి. ముల్లు ఎంత పక్కకు పోతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

వేళ్ల తప్పు కాకపోతే వాద్యాన్ని పరీక్షించండి. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తాకించి అనుస్వరం వినిపించండి, ముల్లు నడిమికి తెచ్చుకోండి. ఇప్పుడు అదే ఫ్రెట్ మీద తీగను నొక్కి మీటండి. రెండూ ఒకటే కావాలి. నొక్కినది పైన ఉంటే తీగ పొడవు చాలలేదన్నమాట, బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను వెనక్కి జరపాలి. కింద ఉంటే ముందుకు జరపాలి. ఎలక్ట్రిక్ గిటారులో చిన్న స్క్రూడ్రైవరుతో ఇది మీరే చేసుకోవచ్చు. జరిపిన ప్రతిసారీ తీగను మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ పోల్చాలి. అకౌస్టిక్ గిటారులో ఆ ముక్క కదలదు కాబట్టి బాగుచేసేవారి చేతికి ఇవ్వాలి. ఈ పరీక్షను కొత్త తీగలతోనే చేయండి, అరిగిన తీగ తప్పు చెబుతుంది.

కొత్త తీగలు, కాపో, మారిన శ్రుతులు

కొత్త స్టీలు తీగలు వేసిన రోజు పదిసార్లైనా శ్రుతి దిగుతాయి. స్తంభం మీద చుట్లు ఒకదాని కింద ఒకటి ఒద్దికగా రావాలి, రెండు మూడు చుట్లు చాలు. చుట్టు మీద చుట్టు పోగుపెడితే అవి బిగుసుకునే కొద్దీ శ్రుతి జారుతూనే ఉంటుంది. నైలాన్ తీగలు కొన్ని రోజుల పాటు సాగుతాయి. కచేరీకి ముందు రోజు నైలాన్ తీగలు మార్చవద్దు.

కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు) పెట్టాక ట్యూనరుతో మళ్లీ చూడండి, ఎక్కువసార్లు తీగలన్నీ కాస్త పైకి పోతాయి. దాన్ని ఫ్రెట్‌కు దగ్గరగా, తీగలకు సరిగ్గా అడ్డంగా పెడితే తేడా తగ్గుతుంది. ఆరో తీగను ఇ నుంచి డి కి దించి వాయించే పద్ధతిలో, డి కంటే ఇంకా కిందికి దించి పైకి ఎక్కించడం మరచిపోవద్దు. దాన్ని నాలుగో తీగ డి తో కలిపి మీటి, ఊగు ఆగిందో లేదో వినండి.

హార్మోనియం, పియానో లాంటివి పక్కన ఉంటే ట్యూనరును కాదు, వాటినే అనుసరించాలి. వాటిని అప్పటికప్పుడు శ్రుతి చేయలేరు కదా. వాటి ఎ స్వరాన్ని మోగించి ట్యూనరులో చూడండి. 442 దగ్గర ఉంటే మీ ట్యూనరు అంకెను 442కు మార్చి, అప్పుడు తీగలు శ్రుతి చేసుకోండి.

చెవికి సాధన

రోజూ సాధనకు కూర్చునే ముందు ఐదో తీగ ఎ ఒక్కదాన్నే ట్యూనరుతో పెట్టండి. తర్వాత తెర కనబడకుండా తిప్పేయండి. ఆరో తీగ ఐదో ఫ్రెట్ మీద నొక్కితే ఎ రావాలి, దాన్ని ఖాళీ ఐదో తీగతో కలిపి మీటి ఊగు ఆగేవరకు ఆరో తీగను సవరించండి. ఐదో తీగ ఐదో ఫ్రెట్ నాలుగో తీగకు, నాలుగో తీగ ఐదో ఫ్రెట్ మూడో తీగకు సమానం. మూడో తీగకు మాత్రం నాలుగో ఫ్రెట్, అది రెండో తీగకు సరిపోతుంది. రెండో తీగ ఐదో ఫ్రెట్ మొదటి తీగకు సమానం. అంతా అయ్యాక ట్యూనరు తిప్పి, ప్రతి తీగ ఎన్ని సెంట్లు తప్పిందో ఒక పుస్తకంలో రాసుకోండి. మొదటి వారం 15, 20 సెంట్లు కనిపించినా ఫరవాలేదు. ఒకే తీగను ఎప్పుడూ ఒకే వైపు తప్పుతున్నారేమో గమనించండి. చాలామందిలో అది రెండో తీగ బి అవుతుంది. అలా తేలితే మర్నాడు ఆ తీగ దగ్గర తొందరపడకుండా, ఊగు పూర్తిగా ఆగిందని రెండుసార్లు విన్నాకే ముందుకు వెళ్లండి.